రోదసి నౌకకు బ్రేకులెక్కడివి?

బాలలూ! మద్దిలపాలెంలో సిటీబస్సుకు సడన్ బ్రేకు పడితే నిలుచున్నవాళ్ళు ముందుకు తూలడం చూశారు కదూ! అదే జడత్వం. ఇప్పుడు అరచేతిలో ఇమిడే ఆట యంత్రాలలో, మీరు పుట్టక ముందటి రోదసి ఆటలు మళ్ళీ వస్తున్నాయి. అవి వట్టి కాలక్షేపమంటారు పెద్దలు. నేనొప్పుకోను.

1981 నాటి ‘గలాగ’లో మీట వదలగానే నౌక ఠక్కున నిలిచిపోతుంది. రోదసిలో గాలి లేదు, రోడ్డూ లేదు. మరి దాన్ని ఆపిందేమిటి? అంతకు రెండేళ్ళ ముందు, 1979లో, అటారీ సంస్థ తెచ్చిన ‘ఆస్టరాయిడ్స్’ ఇంతకన్నా మేలు. ఇంజను ఆపినా నౌక జారుతూనే పోతుంది. ఆపాలంటే దాని ముక్కును వెనక్కు తిప్పి మళ్ళీ ఇంజను నడపాలి. అది చేతగాక రాళ్ళకు గుద్దుకున్నప్పుడల్లా న్యూటన్ మొదటి నియమం బుర్రకెక్కుతుంది! రంగులు లేకపోతేనేం, నా ఓటు దీనికే.

అయితే ఇందులోనూ ఓ దొంగలెక్క ఉంది. కాసేపటికి నౌక తనంతట తానే నెమ్మదించి ఆగుతుంది. 1977లో బయలుదేరిన వాయేజర్-1 మాటేమిటి? తోసే ఇంజను లేకుండానే సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల వేగంతో ఇంకా సాగిపోతూంది. ఆటలో మీ నౌక ఎన్ని సెకన్లకు ఆగుతుందో గడియారం దగ్గర పెట్టుకుని లెక్కించండి.