సెకనుకు 2.1 మీటర్ల గాలి

ఆటల పిచ్చి ఉండాలి, గొంతు బాగుండాలి, మాటలు గడగడా రావాలి. స్పోర్ట్స్ మీడియాలో బతకడానికి ఇంతకన్నా ఏం కావాలని, దానికోసం కాలేజీలో ఏళ్లు గడపడం డబ్బు దండగని మన ఇళ్లలో గట్టిగా నమ్ముతారు. ఆ రంగంలో ఉన్నవాళ్లే చాలామంది ఈ మాట అంటుంటారు. ఇది తప్పుడు నమ్మకం. ఎంత తప్పో శ్రీహరికోటలో తెలుస్తుంది.

సూళ్లూరుపేట దాటి, పులికాట్ సరస్సు మీది రోడ్డున అంతరిక్ష ప్రయోగ కేంద్రం షార్ చేరితే, 2019లో తెరిచిన గ్యాలరీలో వేలమంది కూర్చుని రాకెట్ ప్రయోగాన్ని మ్యాచ్ చూసినట్టే చూస్తారు. ముందు మంట కనిపిస్తుంది. చప్పుడు కొన్ని సెకన్లు ఆలస్యంగా వచ్చి గుండెల మీద కొడుతుంది. జనం ఈలలు వేస్తుంటే ఒక గొంతు మాత్రం నిదానంగా, ఏ దశ మండిందో, ఏది విడిపోయిందో చెప్పుకుంటూ పోతుంది. స్వరం బాగుందని బయటినుంచి తెచ్చి కూర్చోబెట్టిన మనిషి కాదు, షార్ ఉద్యోగి. తెర మీద అంకె పడితేనే ఆ నోట మాట వస్తుంది. 2021 ఆగస్టు 12న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 రాకెట్ క్రయోజెనిక్ దశ మొరాయించినప్పుడు, ఆ దశ పనితీరులో తేడా వచ్చిందని, ప్రయోగం పూర్తిగా నెరవేరలేదని ప్రకటించి ఊరుకున్నారు. అంతకుముందు 2019 జూలై 15 అర్ధరాత్రి దాటాక, ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా చంద్రయాన్-2 కౌంట్‌డౌన్ ఆగిపోయింది. ఆగడం వేరు, విఫలమవడం వేరు. ఆ తేడా ఎరిగినవాళ్ల దగ్గరే ఆ రాత్రి ప్రేక్షకులకు చెప్పడానికి ఏదైనా ఉంటుంది. వారం తిరిగేసరికి, 22న, అదే రాకెట్ ఎగిరింది.

ఆటల వార్తల్లోనూ పని ఇదే.

విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజినే తీసుకుందాం. మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన 13.38 సెకన్ల జాతీయ రికార్డు చాలాకాలం చెక్కుచెదరలేదు. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన విశ్వవిద్యాలయాల పోటీల్లో జ్యోతి 13.03లో పరుగు ముగించింది. రికార్డుగా లెక్కించలేదు. అక్కడ ఆమెకు డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధీ లేడు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. ఈసారి గాలి అడ్డొచ్చింది. వెనకనుంచి సెకనుకు 2 మీటర్లకు మించి వీస్తే రికార్డు చెల్లదు. ఆ రోజు 2.1 ఉంది. మే 10న సైప్రస్‌లోని లిమాసోల్‌లో ఆమె 13.23లో పరిగెత్తింది. వెనకటి రెండు పరుగులకన్నా ఇది నిదానమే, అయినా జాతీయ రికార్డు పుస్తకంలోకి ఎక్కింది ఇదే. అభిమాని కళ్లు గడియారం మీద ఉంటాయి. విలేకరి వెంటనే గాలి ఎంత అని అడగాలి. అంతకన్నా ముఖ్యంగా, పరీక్ష ఏర్పాటు చేయకుండా ఒక అమ్మాయి కష్టాన్ని కాగితాల్లో పోగొట్టిన బాధ్యత ఎవరిదని నిలదీయాలి. ఇది గొంతుతో పుట్టే విద్య కాదు, నేర్పితే వస్తుంది.

వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచింది టీ20 విభాగంలో. క్రికెట్ ఒక్కటే తెలిసినవాళ్లు ఆ టీ20ని ఎలా విప్పి చెబుతారు? అది మేధోపరమైన వైకల్యం ఉన్న అథ్లెట్ల తరగతి. అది చెప్పకపోతే ఆమె గెలుపులో సగం చెప్పనట్టే.

ఈ వాదన వచ్చినప్పుడల్లా హర్షా భోగ్లే పేరు తెస్తారు. నిజమే, హైదరాబాదీ భోగ్లే చదివింది ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్, తర్వాత అహ్మదాబాద్ ఐఐఎం. కానీ ఆయన కుర్రతనంలోనే ఆలిండియా రేడియోలో మైకు పట్టుకున్నారు. ఆ రేడియోయే ఆయనకు కాలేజీ. తడబడటానికి, దిద్దుకోవడానికి చోటిచ్చింది. నేటి కుర్రాడికి జిల్లా మ్యాచ్ మీద మాట్లాడమని మైకిచ్చే రేడియో ఏదీ? ఆ లోటును తరగతి గది పూడ్చాలి.

మాజీ ఆటగాళ్లు చాలరా అంటారు. బంతి ఎందుకు తిరిగిందో వాళ్లంత బాగా ఎవరూ చెప్పలేరు. అయితే 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. ఆ ప్రసారం వెనక గణాంకాలు తీసేవాళ్లు, రీప్లే కోసేవాళ్లు, గ్రాఫిక్స్ చేసేవాళ్లు, తెలుగు స్క్రిప్టు రాసేవాళ్లు, హక్కుల ఒప్పందాలు చదివేవాళ్లు ఉంటారు. ఆ కుర్చీలన్నీ మన పిల్లలవి ఎందుకు కాకూడదు?

కాలేజీల తప్పూ ఉంది. యాంకరింగ్ నేర్పి, నాలుగు ఫొటోలు తీసి సర్టిఫికెట్ చేతిలో పెట్టే కోర్సు నిజంగానే దండగ. స్కోరు షీటు రాయించాలి, నిబంధనల పుస్తకం చదివించాలి, ఎవరూ చూడని జిల్లా కబడ్డీ పోటీకి పంపించాలి. ఉస్మానియాలో 1954 నుంచి జర్నలిజం విభాగం ఉంది. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ ఉంది, అక్కడినుంచి షార్ ఎంతో దూరం లేదు. తర్వాతి ప్రయోగం రోజున ఆ విద్యార్థినులను గ్యాలరీకి తీసుకెళ్లి, ఉపగ్రహం విడిపోయేదాకా తెలుగులో వ్యాఖ్యానం చెప్పించి రికార్డు చేయాలి. మర్నాడు తరగతిలో షార్ గొంతును, వాళ్ల గొంతును పక్కపక్కన పెట్టి వినిపించాలి. ఎక్కడ ఊహించి చెప్పారో, ఎక్కడ చూసి చెప్పారో ఎవరికి వాళ్లే గుర్తు పెట్టుకుంటారు.