ఆదివారం పూట పాలకూర, కోడిగ్రుడ్లు



క్రితం నెల ఈ పేజీలో కందిపొడి గురించి వ్రాశాము. ఈ నెల దానికి చాలా దూరమైన వంటకం ఒకటి చెప్పబోతున్నాము. దీని పేరు ఎగ్స్ ఫ్లోరెంటీన్. ఫ్రాన్సు దేశపు వంట. పేరు చూచి పేజీ త్రిప్పివేయకండి. ఇందులోకి కావలసినవి పాలకూర, కోడిగ్రుడ్లు, పాలు, వెన్న, మైదా, కొంచెం చీజ్. చివరిదొక్కటి తప్ప తక్కినవన్నీ మన ఊళ్ళో దొరికేవే.

అసలు మేము దీని జోలికి ఎందుకు వెళ్ళామో ముందు చెప్పాలి.

మా ఇంట్లో ఆదివారమంటే కోడికూర, పలావు, పప్పుచారు, పెరుగు పచ్చడి. ప్రక్క ఊరి నుండి వచ్చిన బంధువులో, సంఘ పెద్దలో ఒకరిద్దరు భోజనానికి ఉంటారు. మా కోడలు తెల్లవారుజామున లేచి మసాలా నూరి, అందరికీ టిఫిను పెట్టి, పిల్లలను తయారుచేసి ఆరాధనకు వస్తుంది. చివరి కీర్తన కాగానే అందరికంటే ముందు చెప్పులు వేసికొని ఇంటికి పరుగు. వడ్డనలన్నీ అయి ఆమె కంచం ముందు కూర్చునేసరికి మూడు గంటలు. అప్పటికి గిన్నెలో మెడ ముక్క, రెక్క ముక్క ఉంటాయి.

ఒక ఆదివారం సాయంత్రం గిన్నెలు తోముతూ ఆమె మామూలుగా అన్నది: “అత్తయ్యా, నేను ఈ ఇంటికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఆదివారం మీ అందరితో కూర్చుని తిన్నది ఒక్కటీ గుర్తు రావడం లేదు.” నిష్ఠూరంగా అనలేదు. అని మళ్ళీ తోముకుంటూ ఉన్నది. మాకు జవాబు దొరకలేదు. ఒకప్పుడు మేము కూడా ఆ వంటింట్లోనే, ఆ వేళకే, ఆ మెడ ముక్కతోనే తిన్నాము. మేము పైకి అనలేదు, ఆమె అన్నది.

ఆ నెలలోనే మా మేనల్లుడు సెలవు మీద వచ్చాడు. అతడు పుదుచ్చేరిలో ఒక హోటలు వంటశాలలో పని చేస్తాడు. ఈ మాట విని, “అత్తా, పొద్దున టిఫిను ఒక వంట, మధ్యాహ్నం భోజనం ఇంకొక వంట. వారంలో ఒక్కరోజు రెండూ కలిపి ఒకటే చేసుకోకూడదా?” అన్నాడు. పట్నం హోటళ్ళలో దీనినే బ్రంచ్ అంటారట. బ్రేక్‌ఫాస్ట్, లంచ్ అనే రెండు మాటలను కలిపి చేసిన మాట అది. 1895లో గై బెరింజర్ అనే ఆంగ్ల రచయిత, చర్చి నుండి వచ్చాక తినే బరువైన ఆదివారపు భోజనానికి బదులుగా మధ్యాహ్నం వేళకు తేలికైనవాటితో మొదలయ్యే ఈ భోజనం మేలని ఒక వ్యాసం వ్రాశాడు. శనివారం రాత్రి ప్రొద్దుపోయేవరకు తిరిగివచ్చేవారికి ఉదయం లేచే బాధ తప్పుతుందని కూడా వ్రాశాడు. ఆ కారణం మనకు పనికిరాదు గాని, మొదటి కారణం మా ఇంటికి సరిపోయింది.

ఫ్లోరెంటీన్ అంటే ఫ్లోరెన్సు నగరానికి చెందినది. అది ఇటలీలో ఉన్నది. మరి ఫ్రెంచి వంటకు ఆ పేరేమిటి? ఫ్లోరెన్సులోని మెదిచీ కుటుంబపు కేథరిన్ 1533లో ఫ్రాన్సు రాజకుమారుడు హెన్రీని పెండ్లాడి వచ్చినప్పుడు, పాలకూరను తన వెంట తెచ్చిందని ఒక కథ చెబుతారు. కథ బాగానే ఉన్నది గాని నిజం కాదు. అంతకు నూరేళ్ళకు పైగా ముందే ఫ్రాన్సులో పాలకూర వండుకునేవారు. ఏమైనా ఫ్రెంచి వంటవారు పాలకూర పరిచి వడ్డించే వంటకాలకు ఆ పేరు స్థిరపరిచారు. పేరుమోసిన వంటవాడు ఎస్కోఫియే 1903లో ప్రచురించిన పెద్ద వంటల గ్రంథంలో ఈ గ్రుడ్ల వంటకం ఉన్నది. వెన్నలో మగ్గిన పాలకూర, దాని మీద నీళ్ళలో ఉడికించిన గ్రుడ్లు, వాటి మీద చీజ్ కలిపిన పాల సాస్, పైన కొంచెం ఎర్రదనం. అంతే వంట.

ఇక్కడ ఒక మాట. ఐరోపా వారి స్పినాచ్, మన సంతలో దొరికే పాలకూర ఒకటి కావు. మన పాలకూర చాలావరకు బీట్‌రూట్ జాతికి చెందిన ఆకు. రుచి దగ్గరగానే ఉంటుంది, కాడ మాత్రం ముదురు. కాబట్టి లావు కాడలు త్రుంచి పప్పులోకి ఉంచుకొని, ఆకు మాత్రమే దీనికి వాడాలి. లేత తోటకూరతో కూడా చేసి చూశాము, బాగానే వచ్చింది. బచ్చలి వద్దు, జిగురు వస్తుంది.

చీజ్ గురించి కూడా చెప్పాలి. మొదటి సమూయేలు 17వ అధ్యాయంలో దావీదు సహస్రాధిపతి కోసం తీసికొనిపోయినవాటిని మన బైబిలులో జున్నుగడ్డలని తర్జుమా చేశారు. మనం జున్ను అంటే ఈనిన గేదె మొదటి పాలతో వండేది అనుకుంటాము. దావీదు తీసికొనిపోయినవి అవి కావు, పాలు విరిచి గట్టిపరచినవి. ఈ వంటకు ఫ్రెంచివారు గ్రుయేర్ అనే చీజ్ వాడతారు. మనకు పట్నం దుకాణాలలో దొరికే మామూలు ప్యాకెట్టు చీజ్ చాలు. అందులో ఉప్పు ఎక్కువ గనుక సాస్‌లో వేరే ఉప్పు వేసేముందు రుచి చూడండి.

మా ఇంట్లో మేము ఆరుగురము. బాగుచేసిన పాలకూర ఎనిమిది వందల గ్రాములు, గ్రుడ్లు ఎనిమిది, పాలు అర లీటరు, వెన్న 75 గ్రాములు, మైదా 40 గ్రాములు, తురిమిన చీజ్ 80 గ్రాములు తీసికొన్నాము. మిరియాల పొడి, జాజికాయ పొడి చిటికెడు, వెనిగర్ రెండు చెంచాలు. వెనిగర్ లేకపోతే నిమ్మరసం.

మొదటి ఆదివారం మేనల్లుడు వెళ్ళిపోయాక చేశాము. ఆ రోజు భోజనానికి ఒక సంఘ పెద్ద కూడా ఉన్నారు. సాస్ ఉండలు కట్టింది. గ్రుడ్లు నీళ్ళలో చింకిపాతల్లా చెదిరిపోయాయి. పాలకూరలో నుండి నీరు ఊరి పళ్ళెమంతా పచ్చని చెరువు అయింది. ఆయన మర్యాదస్తులు. సగం తిని, “ఆవకాయ ఉన్నదా అమ్మా?” అని మెల్లగా అడిగారు. మా కోడలు ముఖం చూడలేకపోయాము. ఆ మూడు తప్పులూ మీరు చేయకూడదని వివరంగా వ్రాస్తున్నాము.

పాలకూరతోనే మొదలుపెట్టండి. మరిగే ఉప్పునీళ్ళలో ఆకు వేసి, మూత పెట్టకుండా ఒక్క నిమిషం ఉంచి, వెంటనే తీసి చల్లని నీళ్ళలో వేయాలి. రంగు నిలుస్తుంది. తరువాత గుప్పెడు గుప్పెడు తీసికొని రెండు అరచేతుల మధ్య గట్టిగా పిండాలి. ఇక రాదు అనుకున్న తరువాత ఇంకొకసారి పిండాలి. పెద్ద గంపెడు ఆకు చిన్న గిన్నెడు అవుతుంది, కంగారుపడకండి. దానిని తరిగి, 30 గ్రాముల వెన్నలో రెండు మూడు నిమిషాలు వేయించి, ఉప్పు, మిరియాల పొడి చల్లండి. పిండిన నీళ్ళతో కొంత సారం పోతుందన్నది నిజమే. కాని మూత్రపిండాలలో రాళ్ళు కట్టేవారికి పడని ఆక్సాలిక్ ఆమ్లం కూడా కొంత ఆ నీళ్ళతోనే పోతుంది. అలాంటివారు పాలకూర ఎంత తినవచ్చో వైద్యుని అడగడం మంచిది.

తరువాత సాస్. 14వ లూయీ రాజు కొలువులోని అధికారి బెషమేల్ పేరు మీద దీనిని బెషమేల్ సాస్ అంటారు, చీజ్ కలిపితే మోర్నే సాస్ అవుతుంది. పేర్లు మరచిపోయినా ఫరవాలేదు. మందపాటి గిన్నెలో మిగిలిన వెన్న కరిగించి, మైదా వేసి, సన్నని సెగ మీద రెండు నిమిషాలు రంగు మారకుండా కలపాలి. పచ్చివాసన పోతుంది, పిండిలోని ప్రతి రేణువుకూ వెన్న పడుతుంది. ఉండ కట్టకుండా కాపాడేది ఆ వెన్నే. వేడి పాలు మొదట గరిటెడు పోసి పూర్తిగా కలిసిన తరువాతనే ఇంకొక గరిటెడు పోయాలి. మేము మొదటిసారి తొందరపడి పాలన్నీ ఒకేసారి కుమ్మరించాము. అలా చేస్తే పిండి ముద్దల పైభాగం ఉడికి, లోపల పొడిగానే ఉండిపోతుంది. పాలన్నీ కలిశాక అడుగంటకుండా ఐదారు నిమిషాలు ఉడకనివ్వండి. గరిటె వీపున నిలిచేటంత చిక్కబడితే చాలు. దించిన తరువాతనే మూడు వంతుల చీజ్, జాజికాయ పొడి కలపాలి. మంట మీద ఉండగా వేస్తే చీజ్ తీగలు సాగుతుంది.

గ్రుడ్ల విషయంలో పల్లెటూరి వారికి పట్నంవారి కంటే మేలు. ఈ వంటకు నిన్నా మొన్నా పెట్టిన గ్రుడ్డు కావాలి. గ్రుడ్డు నిలువ ఉన్నకొద్దీ తెల్లసొన పలచబడుతుంది, లోపలి తేమ పెంకు గుండా పోయి ఖాళీ పెరుగుతుంది. గిన్నెడు నీళ్ళలో వేసి చూడండి. అడుగున అడ్డంగా పడుకుంటే తాజాది. నిలుచుంటే పాతది, దానిని పులుసులోకి గట్టిగా ఉడికించుకోండి. తేలితే పారవేయండి. మేము మొదటిసారి వాడినవి దుకాణంలో ఎన్నాళ్ళుగా ఉన్నవో!

వెడల్పాటి గిన్నెలో నాలుగు వ్రేళ్ళ లోతు నీళ్ళు పోసి, వెనిగర్ కలిపి కాచండి. ఆ పులుపుకు తెల్లసొన త్వరగా గట్టిపడుతుంది. నీళ్ళు తెర్లుతూ ఉండకూడదు, అడుగున చిన్న చిన్న బుడగలు కనబడుతూ ఉండాలి. గ్రుడ్డును ముందుగా టీ వడపోసే జల్లెడలోకి పగులగొట్టండి. పలచని సొన క్రిందికి కారిపోతుంది. మిగిలినదానిని చిన్న గిన్నెలోకి మార్చి, గిన్నె అంచు నీటికి ఆనించి మెల్లగా జారవిడవండి. ఒక వాయికి మూడు నాలుగుకు మించవద్దు. నాలుగు నిమిషాలకు తెల్లసొన గట్టిపడి, లోపలి పచ్చసొన జారుగా ఉంటుంది. పెద్దవారు కొందరు అలాగే ఇష్టపడతారు. కాని పచ్చి గ్రుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి ఉండే అవకాశమున్నది గనుక పసిపిల్లలకు, గర్భవతులకు, వృద్ధులకు, జబ్బుగా ఉన్నవారికి పచ్చసొన కూడా పూర్తిగా గట్టిపడేవరకు ఉంచి పెట్టాలి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

వెడల్పాటి ఇనుప మూకుడులో పాలకూర పరిచి, గరిటె వీపుతో గుంటలు చేసి, గుంటకొక గ్రుడ్డు పెట్టి, పైన సాస్ పోసి, మిగిలిన చీజ్ చల్లండి. ఇక పైన ఎర్రబడాలి. మా మేనల్లుని హోటలులో దానికి ప్రత్యేకమైన పొయ్యి ఉన్నది. మనకు లేదని దిగులుపడనక్కరలేదు. దిబ్బరొట్టె వేసేటప్పుడు మన పెద్దలు మూత మీద నిప్పులు పోసేవారు గదా, అదే పద్ధతి. ఇనుప మూత పెట్టి, దాని మీద కణకణలాడే బొగ్గులు వేసి ఐదు నిమిషాలు ఉంచండి. క్రింద మంట అక్కరలేదు. ఐరోపాలో కూడా పూర్వం ఎర్రగా కాల్చిన ఇనుప బిళ్ళను పొడవాటి పిడితో పట్టుకొని వంటకం మీద ఉంచేవారు. గ్యాసు పొయ్యి మాత్రమే ఉన్నవారు ఇనుప అట్ల పెనాన్ని బాగా కాల్చి పట్టకారుతో మూకుడు మీద బోర్లించవచ్చు. అంత ఎర్రగా రాదు, పిల్లలు దగ్గర లేకుండా చూచుకోవాలి. రంగు రాకపోయినా రుచికి లోటు లేదు.

శనివారం సాయంత్రమే ఆకు బాగుచేసి, కడిగి, బట్టలో ఆరబెట్టాము. సాస్ మాత్రం ముందుగా చేసి ఉంచలేదు. మన ఎండలకు పాలతో చేసినది గంటకు మించి బయట ఉంచరాదు. ఆదివారం ఉదయం పిల్లలకు పాలు, అరటిపండు ఇచ్చాము. ఆరాధన నుండి వచ్చాక మేము సాస్, కోడలు గ్రుడ్లు. నలభై నిమిషాలు పట్టింది. కాల్చిన రొట్టె ముక్కలతో మూకుడు తెచ్చి మధ్యలో పెట్టాము. ఈ వంటలో మాకు నచ్చిన సంగతి ఇదే. ఒకే గిన్నె, ఒకేసారి వడ్డన, వేడి మీదనే తినాలి. రెండవ వడ్డన లేదు గనుక నిలబడి ఉండవలసిన వారు లేరు.

కోడలు మా ప్రక్కన కూర్చున్నది. చెంచా తగలగానే పచ్చసొన పాలకూర మీదికి జారింది. చిన్న మనుమడు ఆమెను వింతగా చూచి, “అమ్మా, నువ్వు ఇక్కడ కూర్చున్నావేంటి?” అని అడిగాడు. “ఆకలేసింది నాన్నా” అన్నది.

మా ఇంటి పెద్దాయన రెండు గ్రుడ్లు తిని, బాగుందని చెప్పి, “ఇక అన్నం పెట్టండి” అన్నారు. ఆయనకు అన్నం లేని భోజనం భోజనం కాదని తెలిసి ముందే కొంచెం అన్నం, చారు చేసి ఉంచాము. కోడలు లేవబోయింది. మా అబ్బాయి ఆమెను కూర్చోమని తానే లేచి వెళ్ళాడు. చారు గిన్నె ఎక్కడుందని వంటింట్లో నుండి రెండుసార్లు కేక వేశాడు.