ప్రోస్టేట్ 40 సీసీ అంటే ప్రమాదమా? రిపోర్టులో ఆ అంకె ఒక్కటే చూసి కంగారు పడొద్దు!

సామర్లకోట: స్కాన్ రిపోర్టు చేతికి రాగానే కళ్లు ఒక్క లైన్ మీదే ఆగుతాయి. 'ప్రోస్టేట్ 42 సీసీ, గ్రేడ్ 1'. అంతే.. ఇంటికి చేరేలోపే ఫోన్‌లో వెతుకులాట మొదలు. క్యాన్సరేమో, ఆపరేషన్ తప్పదేమో అని నిద్ర కరువు. సామర్లకోట, పెద్దాపురం వైపు నుంచి పరీక్షల కోసం కాకినాడ వెళ్లొచ్చే యాభై దాటిన మగవాళ్లలో ఈ కంగారు మామూలే. ఇంతకీ ఆ అంకెకు అంత సీన్ ఉందా?

నార్మల్ సైజు ఎంత?

మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి ప్రోస్టేట్. యువకుల్లో 20 నుంచి 25 సీసీ ఉంటుంది. ఓ పెద్ద ఉసిరికాయ అనుకోండి. 40 దాటాక మెల్లగా పెరుగుతుంది. 50ల్లో ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి, 80 దాటినవాళ్లలో అత్యధికులకు ఈ వాపు ఉంటుంది. జుట్టు నెరిసినట్టే ఇదీను. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. కాకపోతే రెండూ ఒకే మనిషిలో విడివిడిగా ఉండొచ్చు.

ఆ సీసీ లెక్క ఎలా వస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. గ్రంథి పొడవు, వెడల్పు, మందం గుణించి 0.52తో హెచ్చవేస్తారు. మూడూ 4 సెంటీమీటర్లుంటే 33 సీసీ. ఒక్కో కొలతలో 2 మిల్లీమీటర్లు ఎక్కువ పడితే అదే 38 సీసీ అయిపోతుంది! అందుకే రెండు సెంటర్లలో రెండు అంకెలు వస్తే 'నెలలోనే పెరిగిపోయింది' అని హడలిపోనక్కర్లేదు.

సైజు వేరు.. ఇబ్బంది వేరు

80 సీసీ ఉన్నా హాయిగా తిరిగేవాళ్లున్నారు. 30 సీసీకే అవస్థ పడేవాళ్లూ ఉన్నారు. గ్రంథి బయటికి పెరిగితే పెద్దగా తెలియదు. లోపలికి నాళాన్ని నొక్కినా, మూత్రాశయంలోకి పొడుచుకొచ్చినా తిప్పలే. అందుకే డాక్టర్లు ధార వేగం, ఒంటికి వెళ్లొచ్చాక లోపల ఎంత మిగిలిందన్నది చూస్తారు. ఏడు ప్రశ్నలకు 35 మార్కుల స్కోరు వేస్తారు. 7 లోపు అయితే తేలిక. 20 దాటితే తీవ్రం.

అసలు ముప్పు దాచుకోవడంలో ఉంది. రాత్రి నాలుగుసార్లు లేస్తున్నా 'షుగర్ కదా, వయసు కదా' అని సర్దుకుపోతారు. షుగర్‌తోనూ ఎక్కువసార్లు వెళ్లాల్సి వస్తుంది, నిజమే. కానీ ఏది ఎందుకో పరీక్ష చేస్తేనే తేలుతుంది. మూత్రం లోపలే నిలిచిపోతే మూత్రాశయం సాగిపోయి కిడ్నీల మీద పడుతుంది.

2024 జనవరిలో బ్రిటన్ రాజు చార్లెస్ తన ప్రోస్టేట్ వాపు సంగతి బయటపెట్టారు. వెంటనే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య వెబ్‌సైట్‌లో ఆ పేజీ చూసేవాళ్లు ఒక్కరోజులోనే ఎన్నో రెట్లు పెరిగారు. అదే ఏడాది డిసెంబర్‌లో ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు ప్రోస్టేట్ సర్జరీ చేయించుకున్నారు. మన దగ్గర మాత్రం ఇంట్లో భార్యకి చెప్పడానికే మొహమాటం.

మందులా? సర్జరీనా?

ముందు మందులే. టామ్సులోసిన్ నాళాన్ని వదులు చేస్తుంది, కొందరికి లేవగానే కళ్లు తిరుగుతాయి. ఫినాస్టెరైడ్ గ్రంథిని తగ్గిస్తుంది, ఫలితానికి ఆరు నెలలు పట్టొచ్చు. ఇక్కడో మెలిక ఉంది. ఇది వాడేవాళ్లలో పీఎస్ఏ రక్తపరీక్ష అంకె దాదాపు సగానికి పడిపోతుంది. ఆ సంగతి డాక్టర్‌కి చెప్పకపోతే క్యాన్సర్ జాడ కనిపించకుండా పోయే ప్రమాదం ఉంది. అలాగే పీఎస్ఏ 4 దాటినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. వాపుకీ, ఇన్‌ఫెక్షన్‌కీ పెరుగుతుంది.

మందులకు లొంగకపోతే నాళం గుండా వెళ్లి అడ్డుగా ఉన్న భాగాన్ని తొలగిస్తారు. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉన్నవాళ్లు నెట్‌వర్క్ ఆసుపత్రిలో వైద్యమిత్రను ముందే అడగడం మంచిది. కాకినాడ జీజీహెచ్ సామర్లకోటకు సుమారు 15 కిలోమీటర్లే.

ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్లు షాపులో అడిగి జలుబు మాత్రలు వేసుకోకూడదు. కొన్నింటితో మూత్రం ఒక్కసారిగా ఆగిపోవచ్చు. అలా బిగబట్టేసినా, రక్తం పడినా, చలిజ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.