తొంభై అంటే ఎటువైపు?

మొన్న ఆదివారం భోజనం చేసి సోఫాలో నడుము వాల్చానో లేదో, మా మేనల్లుడు వచ్చి నా చెవులకు హెడ్‌ఫోను తగిలించాడు.

"కళ్లు మూసుకో మామయ్యా. డప్పు ఎటు మోగితే అటు చెయ్యి చూపించు" అన్నాడు.

కొత్త అమావాస్యకు మన నూకాలమ్మ జాతరలో పట్టుకొచ్చిన డప్పట. కుడిపక్క మోగింది. కుడిచెయ్యి ఎత్తాను. వాడి మొహం చిన్నబోయింది.

"నేను ఎడమవైపు పెట్టానే!"

"హెడ్‌ఫోను తిరగేశావేమో చూడరా" అంది మా ఆవిడ వంటింట్లోంచి. చూశాడు. సరిగ్గానే వున్నది. నాకు అరవై దాటాయి. చెవులు సెలవు పుచ్చుకుంటున్నాయేమోనని గుండె జారింది.

ఇది వేళాకోళమైతే నవ్వి వూరుకుందును. కాని వాడికి చూపులేని స్నేహితుడొకడున్నాడు. మలుపు ఎటుంటే అటునుంచి గంట వినిపించి, అతనికి దారి చెప్పే సాధనమొకటి తయారుచేస్తున్నాడు వీడు. నడిరోడ్డులో ఆ గంట ఎడమకు బదులు కుడిని మోగితే?

కుడిపక్క చప్పుడు కుడిచెవిని ముందు చేరి, ఎడమచెవికి సెకండులో వెయ్యోవంతుకన్న తక్కువ ఆలస్యంగా అందుతుంది. మధ్యలో తల అడ్డు. పైగా చెవిదొప్పలోని మడతలు ఒక్కొక్క దిక్కు చప్పుణ్ణి ఒక్కొక్క తీరున మారుస్తాయి. ఇవన్నీ కొలిచి హెడ్‌ఫోనులోకి ఎక్కిస్తే, చప్పుడు బయటినుంచి వచ్చినట్టే వుంటుంది. అందుకని ప్రతిధ్వని లేని గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవుల్లో చిన్న మైకులు పెట్టి, వందలాది దిక్కులనుంచి చప్పుడు చేసి కొలుస్తారు. 1994లో అమెరికాలో ఎం.ఐ.టి.వారు కెమార్ అనే బొమ్మ తలకు 710 చోట్లనుంచి కొలిచారు. 2001లో కాలిఫోర్నియా డేవిస్ విశ్వవిద్యాలయంవారు, ఆ బొమ్మతో కలిపి, 45 పద్దులు బయటపెట్టారు. ఒక్కొక్కరికి 1250 దిక్కులు!

చిక్కల్లా, ఎవరి దస్తరం వారిదే. ఒకరు ముక్కుకెదురుగా సున్నా పెట్టి కుడికి లెక్కపెట్టారు, మరొకరు ఎడమకు. ఒకరు దిక్కుకొక ఫైలు, మరొకరు అన్నీ ఒకే మూట. అనకాపల్లి బెల్లం మార్కెట్టు ఎరిగినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. మణుగు అనేది ఒకటే మాట. మద్రాసు మణుగు ఎనిమిది వీశెలు, అంటే పాతిక పౌనులు. కలకత్తా మణుగు నలభై శేర్లు, సుమారు ఎనభైరెండు పౌనులు! 1956లో తూనికల చట్టం వచ్చి, తరవాత కొద్ది ఏళ్లకు కిలో స్థిరపడితేగాని ఆ రగడ తీరలేదు.

చెవుల లెక్కకూ అలాంటి ఏర్పాటు జరిగింది. వియన్నాలోని ధ్వనిశాస్త్ర పరిశోధనాలయానికి చెందిన పియోటర్ మైదాక్, మరికొన్ని దేశాలవారు కలిసి 2013లో ఒక పద్ధతి ప్రతిపాదించారు. ఆడియో ఇంజనీరింగ్ సొసైటీవారు 2015లో దాన్ని ఎ.ఇ.ఎస్. 69 అనే ప్రమాణంగా ఆమోదించారు. దాని పేరేమిటనుకున్నారు? సోఫా! నేను పడుకున్నదానివంక అనుమానంగా చూశాను.

ఈ సోఫా ఫైలు తన సంగతి తనే చెప్పుకుంటుంది. వినేవాడు ఎక్కడున్నాడు, ఎటు చూస్తున్నాడు, చప్పుడు ఎంత దూరాన, ఏ కోణాన వున్నది, సెకండుకు ఎన్నిసార్లు కొలిచారు, అన్నీ అందులోనే. ఎదురు సున్నా, తొంభై ఎడమ, రెండువందల డెబ్భై కుడి. అందరూ ఒకేలా కొలవాలని మాత్రం అది శాసించదు, కొలిచింది ఒకేలా చెప్పమంటుంది. నాకు నచ్చింది అదే.

మావాడు తెచ్చింది ఎప్పటిదో పాత మూట. అందులో తొంభై అంటే కుడి. వీడి కంప్యూటరుకు తొంభై అంటే ఎడమ. అంచేత తప్పు నా చెవులది కాదు. ఆ మాట వాడిచేత రెండుసార్లు చెప్పించుకున్నాను.

సాయంత్రానికి సోఫా ఫైలు తెచ్చి మళ్లీ మోగించాడు. ఎడమ ఎడమే అయింది. ఈసారి డప్పు వెనక్కి పెట్టాడట. నాకు ఎదురుగా వినిపించింది! లెక్క సరే, కొలిచిన చెవి ఎవరిదో. నా చెవి మడతలు వేరాయె. పరాయి చెవులతో వింటే ముందూ వెనకా తారుమారవడం మామూలేనట.

అదే హెడ్‌ఫోను మా ఆవిడకు పెట్టాడు. తడుముకోకుండా వెనక్కి చూపించింది.

"ఎలా తెలిసింది అత్తయ్యా?"

"ముప్పైఅయిదేళ్లుగా మీ మామయ్య వెనకనుంచి సణిగేది వింటున్నాను కదరా" అంది.