దోషము కోడిదా, పెంచువారిదా?

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములనుండి మన పాఠశాలకు వచ్చు బాలబాలికల ఇండ్లలో పెక్కింటి పెరడులందు నాలుగైదు కోళ్లు తిరుగుచుండును. వాన కురియక వేరుసెనగ పండకున్నను, మగ్గము కొన్నాళ్లు నిలిచిపోయినను, గ్రుడ్లమ్మిన పైకము నోటుపుస్తకములకును మందులకును అక్కరకు వచ్చును. అది తల్లి చేతి సొమ్ము. అట్టి కోళ్లు ఒకదానినొకటి పొడుచుకొన్నను, తమ గ్రుడ్లను తామే తినినను, గుంపుగా చచ్చినను మన నోట వచ్చు మాటలు రెండే: “ఇది పాడుకోడి”, “ఇది మన ఖర్మము”. ఈ రెండు మాటలును సరికావని నా యభిప్రాయము. దోషములో పెద్దపాలు పెంచువారిదే.

మొదట పొడుచుకొనుటను గూర్చి చెప్పెదను. కోళ్లలో పెద్ద, చిన్న యను వరుస యుండుట సహజము. నార్వే దేశస్థుడగు షెల్డెరప్-ఎబ్బె యను పండితుడు 1921లో దీనిని వివరించెను. పై కోడి పొడువగా క్రింది కోడి తొలగిపోవును. అంతటితో తగవు తీరును. తొలగుటకు చోటు లేనప్పుడే రక్తము వచ్చును. పది కోళ్లను ఒకే గంప క్రింద మూసి, ఒకే చిప్పలో గింజలు పోసి, అవి పోట్లాడుచున్నవని కోపించుట న్యాయమా? గింజలను రెండుమూడు చోట్ల పెట్టవలెను. క్రొత్తగా తెచ్చిన కోడిని కొన్నాళ్లు వేరుగా నుంచి, పాతవాటికి కనబడనిచ్చి, పిమ్మట కలుపవలెను. గాయపడినదానిని మానువరకు వేరుచేయవలెను. ఏలయనగా రక్తము కనబడినచోటనే తక్కినవి పొడుచును.

ఇక గ్రుడ్లు తినుట. ఒక్కొక్క గ్రుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియము, అనగా సున్నపు సారము, ఉండును. తిండిలో అది చాలనిచో పెంకు పలుచనై పగులును. పగిలినదానిని ఒకసారి రుచిచూచిన కోడి మరల విడువదు. ముక్కు కోయువారును, కూర వండువారును కలరు గాని, ఆల్చిప్పల పొడి ఒక చిప్పలో పెట్టువారు అరుదు. చీకటిగా నున్న మూలను గడ్డి పరచి, గ్రుడ్లను వెంటవెంటనే తీసినయెడల ఈ అలవాటు చాలవరకు పుట్టనే పుట్టదు.

కోడికి చెమట పట్టదు. అది నోరు తెరచి రొప్పుచు ఒడలి వేడిని పోగొట్టుకొనును. మన సీమ యెండలలో నీడయు, చల్లని నీరును లేనిచో గ్రుడ్లు తగ్గుటయే గాక ప్రాణమే పోవచ్చును. మన ప్రాంతమువారు ముఖ్యముగా నెరుగవలసినది మరియొకటి కలదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చెను. వాటికి పెట్టిన వేరుసెనగ పిండిలో బూజువలన పుట్టిన విషము కారణమని తేలెను. అఫ్లటాక్సిన్ అని నేడు పిలువబడు ఆ విషము కాలేయమును చెరచును. వానకు తడిసి బూజుపట్టిన కాయలను “మనకు పనికిరావు, కోళ్లకు వేయుడు” అని మన మింట అనుచుండుట నేను వినియున్నాను.

అన్నిటికంటె భయంకరమైనది కొక్కెర తెగులు. భారతదేశమున 1927లో కుమావూ కొండలలోని రాణిఖేతులో కనబడుటచే దీనికి రాణిఖేతు వ్యాధి యను పేరు కలిగెను. ఆకుపచ్చని పారుడు, ఎగశ్వాస, మెడ మెలితిరుగుట, రెక్కలు వ్రాలుట దీని లక్షణములు. పట్టిన పిమ్మట నయము చేయు మందు లేదు. పట్టకుండ టీకా కలదు. పిల్లలకు మొదటి వారమున కంటిలోనో ముక్కులోనో చుక్కవేసి, ఎనిమిది పది వారముల వయస్సున మరల సూదివేయించుట వాడుక. అయితే టీకా సీసా ఒక్కటి వంద కోళ్లకో అంతకు మించియో సరిపోవును. కలిపిన పిమ్మట కొద్ది గంటలలో వాడవలెను. ఐదు కోళ్ల యిల్లాలు దానిని ఒంటరిగా కొనజాలదు. కావున వీధివారందరు కలిసి ఒకే దినమున వేయించుకొనవలెను. ఏ యింట ఎన్ని కోళ్లున్నవో పట్టీ వ్రాసి పశువైద్యశాలకు చేర్చుట మన విద్యార్థులకు కష్టమైన పని కాదు.

ఇక నా తప్పిదమును దాచక చెప్పుకొందును. కొన్నియేండ్ల క్రిందట వేసవిలో నా కోళ్లు రెండు ఆకుపచ్చగా పారి చచ్చెను. తక్కిన ఐదును పోవునేమో యని భయపడి, వాటిని మరునాటి సంతలో అమ్మివేసితిని. కొన్నవారెవరో నే నడుగలేదు. రెండువారములు గడువకముందే నా తరగతి బాలుడొకడు మూడునాళ్లు బడికి రాలేదు. అడుగగా, సంతలో కొన్న కోడి వచ్చినది మొదలు తన తల్లి కోళ్లన్నియు చచ్చెననియు, నోటుపుస్తకములు కొనలేకపోయెననియు తలవంచుకొని చెప్పెను. ఆ కోడి నాదేయని చెప్పజాలను, కాదనియు చెప్పజాలను. పుస్తకములు నేనే కొనియిచ్చితిని గాని, ఎందులకో వానితో చెప్పు ధైర్యము నాకు లేకపోయెను.

తెగులు సోకిన మందలోని కోడి ఆరోగ్యముగా కనబడినను దానిని అమ్మరాదు, బంధువులకు ఈయరాదు. చచ్చినదానిని వీధిలోనో కాలువలోనో పారవేయక, లోతుగా గోయి త్రవ్వి సున్నము చల్లి పూడ్చవలెను. అనేక కోళ్లు ఒక్కుమ్మడిగా చచ్చినచో చేతితో ముట్టక పశువైద్యునికి తెలుపవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో పక్షిజ్వరము బయటపడిన సంగతి మీ రెరుగుదురు. మన నష్టమును సంతలో దింపుకొంటిమనుకొందుము గాని, అది పొరుగువాని యింట దిగును.

బాలబాలికలారా, ఈ సంచికను ముగించి నేటి సాయంకాలము మీ పెరటిలోని గూటికడకు పోయి చూడుడు. నీటిచిప్పలో నీరున్నదా? చిన్నకోడి తప్పుకొనుటకు చోటున్నదా? ఆ పిమ్మట కోడిని నిందింతము.