రాగి తేలికే, బరువంతా జిగురుది

మెటల్ డిటెక్టర్ కొనేవాళ్లు మొదట అడిగేది ఎంత లోతు పట్టుకుంటుందని. అమ్మేవాళ్లూ అదే చెబుతారు. కర్ర చివరనున్న కాయిల్ ఎంత బరువో ఇద్దరికీ పట్టదు. పొద్దస్తమానం దాన్ని నేలకు రెండంగుళాల ఎత్తున అటూ ఇటూ ఊపే మనిషి భుజాన్ని అడగండి, అది వేరే లెక్క చెబుతుంది.

1942లో ఎల్ అలమైన్ ఎడారిలో మందుపాతరలు వెతికిన పోలిష్ డిటెక్టర్ దాదాపు 14 కిలోలు. దాన్ని రూపొందించిన యూజెఫ్ కొసాట్స్కీ పేటెంటైనా తీసుకోకుండా బ్రిటిష్ సైన్యానికి ఇచ్చేశాడు. తర్వాత వాల్వులు పోయి చిప్పులొచ్చాక పెట్టె చిక్కిపోయింది. కాయిల్ అంతగా చిక్కలేదు. బ్యాటరీని మోచేతి వెనక పెట్టి సరితూకం చేశామంటారు తయారీదారులు. అలా చేస్తే ఎత్తి పట్టుకోవడం సులువే. ఊపి, ఆపి, మళ్లీ వెనక్కి తిప్పడం మాత్రం ఏమీ తగ్గదు.

ఇంతకీ ఆ బరువెక్కడిది? ఇళ్లలో తయారుచేసుకునే పల్స్ ఇండక్షన్ రకం డిటెక్టర్లకు సాధారణంగా 300 మైక్రోహెన్రీల కాయిల్ వాడతారు. 20 సెంటీమీటర్ల వ్యాసంతో పాతిక చుట్లు చుడితే సుమారుగా అది వచ్చేస్తుంది. మోటారు వైండింగ్ షాపులో దొరికే 24 గేజి తీగ పదహారు మీటర్లు చాలు. తూచి చూస్తే రాగి 35 గ్రాములుంటుంది, అంతే. మిగిలిందంతా ప్లాస్టిక్ డొప్ప, కేబులు, లోపల పోసిన ఎపాక్సీ జిగురు.

ఎపాక్సీని ఊరికే పోయరు లెండి. రెండు చుట్టలుండే డబుల్-డి రకంలో ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కేలా పేర్చి, మొదటిది పంపే సంకేతం రెండోదానికి దాదాపు అందని చోట బిగిస్తారు. అది వెంట్రుకవాసి జరిగినా తూకం చెడుతుంది, గడ్డిదుబ్బు తగిలినా యంత్రం కూస్తుంది. కదలకూడదు గనక నిండా పోసేయడం అలవాటైపోయింది. నా పేచీ అక్కడే. బిగువు ఆకారంలోంచి రావాలి. గట్టి ఫోమ్ పలకలో గాడి కోసి, తీగను అందులో కూర్చోబెట్టి, ఆ గాడి మటుకే ఎపాక్సీతో నింపి, పైనా కిందా పల్చటి గ్లాస్ ఫైబర్ గుడ్డ అతికిస్తే పలక వంగదు. లీటరు ఎపాక్సీ కిలో పైచిలుకు తూగుతుంది. అంతే చోటు నిండే ప్యాకింగ్ థర్మాకోల్ ముప్పై గ్రాముల లోపే.

చవక కదా అని పాలిస్టర్ రెసిన్ పోశారో, థర్మాకోల్ కళ్లముందే కరిగి గుంటలు పడుతుంది. ఎపాక్సీకైతే ఆ బాధ లేదు. కార్బన్ ఫైబర్ తేలికే గానీ దానిలో కరెంటు పారుతుంది. కర్రకు సరే, కాయిల్ డొప్పకు పనికిరాదు. షీల్డుకని పూసే గ్రాఫైట్ పెయింటును కూడా ఒకచోట వేలెడు మేర పూయకుండా వదలాలి. చుట్టూ కలిసిపోతే ఆ పూతే ఇంకో చుట్టయి సంకేతాన్ని తినేస్తుంది.

ఇది చదివి పాత గుడి వెనక గుప్తనిధులకు బయల్దేరే మహానుభావులకు ఒక మాట. నేలలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పి తీరాలంటుంది 1878 నాటి చట్టం.

నా ఆలోచనంతా పెద్దమనుషుల పర్యటనకు ముందు మండుటెండలో రోడ్డంచులు, కల్వర్టులు జల్లెడపట్టే బాంబు స్క్వాడ్ కానిస్టేబుళ్ల గురించి. చెయ్యి అలిసిపోతే కాయిల్ పైకి లేస్తుంది, కాగితం మీది లోతులో అంతమేరా గాలికే పోతుంది. వాళ్లకు పరికరాలు కొనే టెండరులో కాయిల్ బరువును కేబులుతో సహా విడిగా రాయమనాలి. ఏసీ గదిలో బల్ల మీద నాణెం పెట్టి చూపించే బీప్‌తో సరిపెట్టుకోకుండా, సంతకం పెట్టే అధికారే దాన్ని ఎండలో ఒక అరగంట ఊపి చూడాలి.

– పానా