పొక్కులు చూసి కాపురాన్ని శంకించకండి

"మాకు పెళ్లయి పన్నెండేళ్లయిందండీ. ఇన్నాళ్లూ లేని పొక్కులు ఇప్పుడెక్కణ్నుంచి వచ్చాయి?" ప్రభుత్వాసుపత్రిలో సుఖవ్యాధుల విభాగం చూసే డాక్టర్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. అడిగేవారి గొంతులో బాధకన్నా అనుమానమే ఎక్కువగా వినిపిస్తుంది. భార్యాభర్తలు ఒకరినొకరు దోషిగా నిలబెట్టుకుని, ఆ తర్వాతే మా దగ్గరకు వస్తారు. అందుకే మందుల సంగతికి ముందు ఈ జబ్బు నడక ఎలాంటిదో తెలుసుకోవాలి.

ఏమిటీ హెర్పిస్?

ఇది హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్ వల్ల వచ్చే వ్యాధి. ఈ వైరస్‌లో రెండు రకాలున్నాయి. జ్వరం తగిలినప్పుడు కొందరికి పెదవి అంచున నీటి పొక్కులు లేచి పక్కు కట్టడం మీరు చూసే ఉంటారు. అది ఎక్కువగా మొదటి రకం పని. రెండో రకం మర్మాంగాల దగ్గర వస్తుంది. అయితే నోటితో జరిపే రతివల్ల మొదటి రకం కూడా అక్కడికి చేరవచ్చు. నడుం మీదో ఛాతీ మీదో ఒకవైపే పట్టీలా వచ్చే సర్పి వేరు. అది ఆటలమ్మ వైరస్ వల్ల వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన అంచనా ప్రకారం 15 నుంచి 49 ఏళ్లలోపు వారిలో సుమారు 84 కోట్ల 60 లక్షల మందికి మర్మాంగాల హెర్పిస్ ఉంది. అంటే ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగానే. "నాకే ఎందుకిలా?" అని కుమిలిపోవలసిన పని లేదు.

నిద్రపోయే వైరస్

ఈ వైరస్ చర్మంలోంచి నరాల వెంట పాకి, వెన్నెముక అడుగుభాగాన ఉండే నరాల ముడుల్లో దాక్కుంటుంది. అక్కడ నెలలు, ఏళ్లు నిద్రపోతుంది. జ్వరం, నీరసం, మనోవ్యధ, నెలసరి, చర్మం ఒరిపిడి లాంటివి దాన్ని మేల్కొలపవచ్చు. చాలామందికి మొదటిసారి అంటుకున్నప్పుడు ఏ లక్షణమూ కనిపించదు, లేదా చెమటకాయో దురదో అనుకుని మరచిపోతారు. కనుక ఈ రోజు లేచిన పొక్కుకు కారణమైన వైరస్ పెళ్లికి ముందే వచ్చి ఉండవచ్చు, నిన్నమొన్న వచ్చి ఉండవచ్చు. పొక్కును చూసి దాని పుట్టుపూర్వోత్తరాలు ఏ డాక్టరూ చెప్పలేడు. దాన్ని సాక్ష్యంగా పెట్టుకుని తీర్పులు చెప్పకండి.

లక్షణాలు

అంటుకున్న 2 నుంచి 12 రోజుల్లో చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా లేస్తాయి. చితికి పుళ్లవుతాయి. మంట, నొప్పి బాగా ఉంటాయి. జ్వరం రావచ్చు. గజ్జల్లో బిళ్లలు కట్టవచ్చు. మొదటిసారి తగ్గడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మళ్లీ వచ్చినప్పుడు బాధ తక్కువ, తగ్గడమూ త్వరగానే. పొక్కులు లేవబోయే ముందు ఆ చోట చిమచిమలాడుతుంది.

ఒక హెచ్చరిక. సవాయి, అంటే సిఫిలిస్ పుండుకు సాధారణంగా నొప్పి ఉండదు. "నొప్పి లేదు కదా" అని ఊరుకోవడం ప్రమాదం. మర్మాంగాల మీద ఏ పుండు లేచినా సిఫిలిస్, హెచ్.ఐ.వి. రక్తపరీక్షలు చేయించుకోండి. హెర్పిస్ ఉన్నవారికి హెచ్.ఐ.వి. సులువుగా అంటుకుంటుంది.

చికిత్స

వైరస్‌ను నరాల్లోంచి పూర్తిగా తరిమేసే మందు ఇంకా లేదు. "సమూలంగా నయం చేస్తాం" అనే ప్రకటనలకు డబ్బు తగలేయకండి. కాని జబ్బును అదుపులో పెట్టే మంచి మందులున్నాయి. మొదటిసారి వచ్చినప్పుడు ఎసైక్లోవిర్ 400 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు మూడు చొప్పున 7 నుంచి 10 రోజులు ఇస్తాం. మళ్లీ వచ్చేటప్పుడు చిమచిమ మొదలైన రోజే వేసుకుంటే పొక్కులు త్వరగా మానతాయి. మాటిమాటికీ వచ్చేవారు రోజూ మాత్ర వాడితే రావడం 70 నుంచి 80 శాతం తగ్గుతుంది. మూత్రపిండాల జబ్బున్నవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

పుళ్లను ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీటితో కడిగి, మెత్తగా అద్ది ఆరనివ్వండి. వదులైన నూలు బట్టలు కట్టుకోండి. సున్నం, బీడీ బూడిద, మందుల షాపువాడిచ్చే స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు రాయకండి. పుండు ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగండి, కంటికి తగిలితే ముప్పు. మూత్రం బొత్తిగా రాకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

దంపతులు ఏం చేయాలి?

చిమచిమ మొదలైనప్పటి నుంచి పుళ్లు పూర్తిగా మానేవరకు కలయిక వద్దు. పొక్కులు లేని రోజుల్లో కూడా వైరస్ అంటుకోవచ్చు కాబట్టి మిగతా రోజుల్లో నిరోధ్ వాడండి. ముప్పు తగ్గుతుందే కాని పూర్తిగా పోదు. మరుగుదొడ్డి, కంచం, మంచం ద్వారా ఈ జబ్బు రాదు. ఇంట్లో ఎవరినీ వేరుగా పెట్టనక్కర్లేదు.

గర్భిణులు దాచకూడదు

కాన్పుకు దగ్గరలో తల్లికి ఈ వైరస్ మొదటిసారిగా అంటుకుంటే, 100 కాన్పుల్లో 30 నుంచి 50 మంది బిడ్డలకు సోకే ప్రమాదం ఉంది. పసికందు మెదడు దెబ్బతినవచ్చు, ప్రాణమే పోవచ్చు. తల్లికి పాతజబ్బు అయితే ఈ ముప్పు 1 శాతం కన్నా తక్కువ. ఎందుకంటే తల్లి రక్తంలోని రక్షణ బిడ్డకూ అందుతుంది. భర్తకు హెర్పిస్ ఉండి భార్యకు లేకపోతే చివరి మూడు నెలలూ కలయిక మానాలి. ఇదివరకు హెర్పిస్ వచ్చిన గర్భిణికి 36వ వారం నుంచి మాత్రలు ఇస్తారు. నొప్పులు మొదలయ్యేసరికి పుళ్లుంటే సిజేరియన్ చేస్తారు. ఇదంతా డాక్టరుకు తెలిస్తేనే సాధ్యం. అత్తగారి ముందు చెప్పడానికి సిగ్గయితే, డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడగండి. అది మీ హక్కు.

ప్రభుత్వాసుపత్రుల్లోని సురక్ష క్లినిక్కుల్లో పరీక్ష, మందులు ఉచితం. మీ వివరాలు గోప్యంగా ఉంచుతారు. ఇద్దరూ కలిసి వెళ్లండి.